షుగర్ పుండుకు ఇంట్లో చేసిన కలబంద జెల్ రాయొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. పదేళ్లుగా షుగర్ ఉంది. చెప్పు కరిచి మడమ మీద పుండు పడి మూడు వారాలైంది. కలబంద గుజ్జు, గడ్డి చామంతి పసరు, జెల్‌ను చిక్కబరిచే కార్బోపాల్ పొడి కలిపి జెల్ చేశాం. నాలుగో రోజుకే పలచబడి వాసన వస్తోంది. రాయొచ్చా?

జవాబు: వద్దండి, ఆ డబ్బా పారేయండి. కలబంద గుజ్జులో 98 శాతానికి పైగా నీరే. ప్రిజర్వేటివ్ (చెడిపోకుండా ఉంచే పదార్థం) లేకుండా పెడితే సూక్ష్మజీవులు పెరుగుతాయి, ఆ వాసన వాటిదే. ఫ్రిజ్‌లో పెట్టినా చెడటం ఆలస్యమవుతుంది, అంతే. పలచబడటానికి ఇంకో కారణం కూడా ఉంది. పచ్చి పసరులోని లవణాలు కార్బోపాల్ చిక్కదనాన్ని విరగ్గొడతాయి. అందుకే ల్యాబుల్లో పసరు పోయరు, ఎండిన ఆకు నుంచి తీసిన సారాన్ని తూచి కలుపుతారు. కార్బోపాల్ 0.5 నుంచి 1 శాతం వరకు తీసుకుని నీళ్లలో రాత్రంతా నానబెడతారు. ప్రిజర్వేటివ్‌గా మిథైల్ పారాబెన్ 0.2 శాతం లోపు వేస్తారు. చివర్లో ట్రైఇథనాలమైన్ అనే క్షారాన్ని చుక్కచుక్కగా వేస్తూ పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) 6 దాటిస్తే జెల్ గట్టిపడుతుంది. కలబంద మట్ట కోశాక కారే పసుపుపచ్చ జిగురులో అలోయిన్ ఉంటుంది, అది చర్మాన్ని మండిస్తుంది. మట్టను కాసేపు నిలబెట్టి దాన్ని కార్చేయకపోతే అదీ జెల్‌లోకే చేరుతుంది.

ఇవన్నీ సరిగ్గా చేసినా వచ్చేది శుభ్రమైన జెల్, స్టెరైల్ (సూక్ష్మజీవులు అసలే లేని) జెల్ కాదు. తెరుచుకున్న పుండు మీద స్టెరైల్‌వే వాడాలి.

పొలం గట్టు మీద దెబ్బ తగిలితే గడ్డి చామంతి నలిపి పిండటం మనవాళ్లకు అలవాటే. ఎలుకల్లో గాయం త్వరగా మానినట్టు ప్రయోగాలూ ఉన్నాయి. కానీ ఎలుక వీపు మీద అప్పుడే కోసిన గాయం వేరు, షుగర్ ఉన్న మనిషి మడమ వేరు. ఇక్కడ మొద్దుబారిన నరాలు, తగ్గిన రక్తప్రసరణ, నడిచినప్పుడల్లా పడే బరువు, అదుపులో లేని షుగర్ పుండును మాననివ్వవు. పైపూత ఏదైనా వీటిని సరిచేయలేదు.

మూడు వారాలైంది కాబట్టి ఇక ఆగకుండా డాక్టర్‌కు చూపించండి. పాదంలో నాడి, స్పర్శ చూస్తారు, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష), ఎముకకు సోకిందేమోనని ఎక్స్‌రే అడుగుతారు. టీటీ వేయించుకుని ఐదేళ్లు దాటితే ఆ మాటా చెప్పండి. చుట్టూ ఎర్రదనం 2 సెంటీమీటర్లు దాటినా, చీము, నలుపు, జ్వరం ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈలోగా స్టెరైల్ సెలైన్‌తో కడిగి, పుండుకు అతుక్కోని గాజ్ గుడ్డ వేసి కట్టు కట్టండి. పసుపు అద్దకండి, రంగు అంటుకుని ఎర్రదనం కనిపించకుండా పోతుంది. మడమ మీద బరువు పడనివ్వకండి, ఆ చెప్పులు మళ్లీ వేయనివ్వకండి.