కంటికో పుస్తకం, చెవికో పుస్తకం

పుస్తకాల అర: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా అబ్బాయికి పదేళ్ళు. ఇంగ్లీష్ మీడియంలో ఐదో తరగతి. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. పిల్లల రామాయణం, పిల్లల భారతం, నీతికథల సెట్టు కొన్నాం. ఒక్కటీ తెరవడు. వాడి వయసుకి ఏ పుస్తకాలు కొనాలో ఒక లిస్టు రాసివ్వగలరా?
(ఒక తల్లి, రావులపాలెం)

జవాబు: అమ్మా, లిస్టు రాయడానికి ఐదు నిమిషాలు చాలు. కానీ మీ బాబు చదువుతుండగా వినకుండా రాసిన లిస్టు వాడికి సరిపోతుందన్న నమ్మకం నాకు లేదు. అందుకని ముందు మీరు ఒక పని చెయ్యండి. కొన్న పుస్తకాల్లో ఒకటి తీసి, మధ్యలో ఎక్కడో ఒక పేజీ తెరిచి, పక్కన కూర్చోబెట్టుకుని పైకి చదవమనండి. తప్పు చదివినా దిద్దకండి. ఎక్కడెక్కడ ఆగుతున్నాడో చూడండి, చాలు.

హైస్కూల్లో తెలుగు చెప్పినన్నాళ్ళూ చూశాను, ఇప్పుడు మా ఊరి గ్రంథాలయంలో పిల్లల పుస్తకాలు చూసుకుంటూనూ చూస్తున్నాను. రాజు, అడవి, గుర్రం లాంటి మాటలు పిల్లలు గబగబా చదివేస్తారు. ‘ప్రత్యక్షమయ్యాడు’ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. వేలు పెట్టి ‘ప్ర’ అంటారు, ‘త్య’ దగ్గర తడుముకుంటారు, ‘క్ష’ దగ్గర మన మొహం వంక చూస్తారు. ఎలాగో ఆ మాట గట్టెక్కేసరికి, ప్రత్యక్షమైంది ఎవరో మర్చిపోతారు. మళ్ళీ వాక్యం మొదటికి వెళ్ళాలి. కథ అర్థంకాక కాదమ్మా, అక్షరాలు విప్పుకోవడానికే వాడి ఓపికంతా అయిపోతోంది. ఒక పేజీలో అలా ఐదుసార్లకి మించి ఆగితే ఆ పుస్తకం ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

అదే పేజీ ఇప్పుడు మీరు చదివి వినిపించండి. ‘కర్ణుడు తన తమ్ముళ్ళతోనే ఎందుకు యుద్ధం చేశాడు?’ అని అడుగుతాడు. పెద్దవాళ్ళు కూడా ఆలోచించి చెప్పాల్సిన ప్రశ్న అది. ఎనిమిదేళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా చాలామంది పిల్లల పరిస్థితి ఇదే. చెవి ముందుంటుంది, కన్ను వెనకబడి ఉంటుంది. విని అర్థం చేసుకోవడంలో మీవాడు ఆరో తరగతి పిల్లాడు, చదవడంలో రెండో తరగతి. మనం చెవికి తగిన పుస్తకం కొని కళ్ళ ముందు పెడుతున్నాం. వాడు తెరవట్లేదని బెంగపడుతున్నాం.

అందుకే కంటికొకటి, చెవికొకటి కావాలి.

కంటికి ఇచ్చేది పల్చగా ఉండాలి. ఒక పుస్తకానికి ఒకే కథ, పేజీకి నాలుగైదు వాక్యాలు, పక్కన బొమ్మ. ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ వాళ్ళవి ఇలాంటివి చాలా ఉన్నాయి, ధర కూడా అందుబాటులో ఉంటుంది. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి. వాటిని కష్టాన్ని బట్టి నాలుగు స్థాయిలుగా విడదీసి పెట్టారు. మీ బాబుకి రెండో స్థాయితో మొదలుపెట్టి చూడండి. ఫోన్ ఎలాగూ అడుగుతాడు కదా, రోజుకో కథ దాన్లోనే చదవనివ్వండి.

ఒక్కటి మాత్రం గమనించాలి. పదేళ్ళ పిల్లాడి చేతికి కుందేలు పిల్ల కథ ఇస్తే నామోషీ పడతాడు. చెల్లెలు చూసి నవ్వుతుందని దాచేస్తాడు. అలాంటివాళ్ళకి కథలకన్నా పాములు, రైళ్ళు, గ్రహాలు, ఓడల గురించి రాసిన చిన్న పుస్తకాలు బాగా నప్పుతాయి. వాక్యాలు చిన్నవే, విషయం మాత్రం పెద్దవాళ్ళది. అంతకన్నా మంచిది పొడుపు కథల పుస్తకం. ‘అడవిలో పుట్టింది, అడవిలో పెరిగింది, మా ఇంటికొచ్చింది, తైతక్కలాడింది.’ ఒక్క ముక్క, అంతే. చదివిన వెంటనే ఇంకొకళ్ళని అడగాలనిపిస్తుంది. అడగాలంటే తడబడకుండా చదవాలి, అందుకోసం తనే నాలుగుసార్లు చదువుకుంటాడు. (జవాబు కవ్వం. మిక్సీలో మజ్జిగ చేసే ఇళ్ళలో కవ్వం అంటే ఏమిటో కూడా చెప్పాల్సి వస్తుంది. చెప్పండి, అదీ మంచిదే.)

కొనేముందు పుస్తకం తెరిచి అచ్చు చూడండి. ఈ మాట ఎవరూ చెప్పరు, నేను ప్రతి తల్లికీ చెబుతాను. మన లిపిలో వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. పంక్తుల మధ్య చోటు చాలకపోతే పై పంక్తి వత్తులు కింది పంక్తి గుడుల్లో ఇరుక్కుంటాయి. మనకి అలవాటు కాబట్టి తెలియదు గానీ, కూడబలుక్కునే పిల్లాడికి ఏ వత్తు ఏ అక్షరానిదో తెలియక తల తిరుగుతుంది. గట్టి అట్ట, రంగుల బొమ్మ ముఖచిత్రం మీదే ఉండి, లోపల చీమ తలకాయంత అక్షరాలుండే సెట్లు చాలా ఉన్నాయి. మీరు కొన్నవి కూడా ఒకసారి తెరిచి చూడండి.

ఇక మీరు కొన్న భారతం వృథా కాలేదు. అది చెవికి. రాత్రి అన్నాలయ్యాక పది నిమిషాలు మీరు చదవండి, వాడు వింటాడు. లక్క ఇంటికి నిప్పంటుకున్న చోట ఆపి, మిగతాది రేపు అనండి. చివర్లో ‘ఇందులో నీతి ఏమిటి?’ అని మాత్రం అడగొద్దు. అది పరీక్షలో ప్రశ్న. అమ్మ పక్కన పడుకుని కథ వింటున్న పిల్లాణ్ణి అడగాల్సింది కాదు.

ప్రశ్న: మాకు చేపల చెరువులున్నాయి. మా అమ్మాయికి పన్నెండేళ్ళు. దయ్యాలు, డిటెక్టివ్‌లు తప్ప ఇంకేం చదవదు. చదివిందే మళ్ళీ మళ్ళీ చదువుతుంది. జనరల్ నాలెడ్జ్ పుస్తకాలు, మహానుభావుల జీవితచరిత్రలు తెచ్చిపెడితే ముట్టుకోలేదు. ఈ అలవాటు మాన్పించడం ఎలా? పుస్తకాలు కొనడానికి ఖర్చు కూడా బాగానే అవుతోంది.
(ఒక తండ్రి, ఆకివీడు)

జవాబు: మాన్పించకండి బాబూ. పన్నెండేళ్ళ పిల్ల తనంతట తానే పుస్తకం తీసుకుని మూలన కూర్చుంటోందంటే సగం పని అయిపోయింది. చాలామంది తల్లిదండ్రులు ఆ సగం కోసమే నాకు ఉత్తరాలు రాస్తున్నారు.

చదివిందే చదవడం గురించి మీకు బెంగ అక్కర్లేదు. మొదటిసారి హంతకుడెవరో తెలుసుకోవాలన్న తొందరలో చదువుతుంది. రెండోసారి, రచయిత ఆ గుట్టు ఎక్కడ దాచాడో వెతుక్కుంటుంది. చూపు వేగం పెరిగేదీ, మాటలు మనసులో నిలబడేదీ ఆ రెండోసారి, మూడోసారే. జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో పొడవైన నది పేరు, ఎత్తైన కొండ పేరు ఉంటాయి. అవసరమైనప్పుడు చూసుకోవడానికి పనికొస్తాయి. వాటిని కూర్చుని చదవమంటే పిల్లలు చదవరు, నేనూ చదవలేను.

తన ఇష్టం పక్కనే ఇంకో అడుగు వెయ్యనివ్వండి. గుట్టుమట్లంటే ఇష్టమైన పిల్లకి పాత శాసనాలు ఎలా చదివారు, మందులు ఎలా కనిపెట్టారు అనే పుస్తకాలు నచ్చుతాయి. అవీ పరిశోధనలే. జీవితచరిత్ర ఇవ్వాలంటే పుట్టిన తేదీతో మొదలై బిరుదులతో ముగిసేది వద్దు. ఒకే ఒక్క పనిని పట్టుకుని చెప్పేది ఇవ్వండి. మీ ఊళ్ళకి నీళ్ళెలా వచ్చాయో అడిగిందా ఎప్పుడైనా? ధవళేశ్వరం దగ్గర గోదావరి మీద 1847లో ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తయింది. అంత వెడల్పు నదికి ఇసకలో పునాది ఎలా వేశారన్నది ఏ డిటెక్టివ్ కథకీ తీసిపోదు. ఒక ఆదివారం ధవళేశ్వరంలో, ఆ ఆనకట్ట కట్టించిన ఇంజనీరు కాటన్ పేరు మీదున్న మ్యూజియం చూపించి తీసుకురండి. ఆ తర్వాత కాటన్ మీద పుస్తకం ఇస్తే చదువుతుంది. చూపించకముందు ఇస్తే అది కూడా జీవితచరిత్రల దొంతరలోకే పోతుంది.

దయ్యాల కథలు చదివి రాత్రుళ్ళు లేచి ఏడుస్తుంటే మాత్రం కొన్నాళ్ళు ఆపండి. లేకపోతే అక్కర్లేదు.

ఖర్చు సంగతి. మీరు కట్టే ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నారు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం వసూలయ్యే డబ్బు అది. అంటే శాఖా గ్రంథాలయంలో పుస్తకాలకి మీరు డబ్బు కడుతూనే ఉన్నారు. కొద్దిపాటి డిపాజిట్ కట్టి అమ్మాయి పేరు మీద కార్డు తీయించండి. అర దగ్గరికి తననే వెళ్ళనివ్వండి, మీరు పేపరు చదువుకుంటూ కూర్చోండి. తెచ్చుకున్నది నచ్చకపోతే మర్నాడే తిరిగి ఇచ్చెయ్యొచ్చు. కొన్న పుస్తకానికైతే ఆ వీలు లేదు.

ప్రశ్న: ఎండాకాలం సెలవులకి మనవలు హైదరాబాదు నుంచి వస్తారండి. మనవడికి పన్నెండు, మనవరాలికి తొమ్మిది. ఆ రోజుల్లో కాలవలు కట్టేస్తారు, ఈత కూడా ఉండదు. సాయంత్రాలు నేను చదివి వినిపించడానికి మన వైపు వాసన ఉన్న పుస్తకాలు చెప్పండి.
(ఒక తాతగారు, పాలకొల్లు)

జవాబు: అయ్యా, మీ ఉత్తరం చూస్తే ఎంత సంతోషమేసిందో. చదివి వినిపించే తాత ఉన్న ఇంట్లో పిల్లలకి పుస్తకాల కొరత ఉండదు.

మొదట మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ‘బారిస్టర్ పార్వతీశం’ మొదటి భాగం తీసుకోండి. మీ పక్కనున్న మొగల్తూరు కుర్రాడు ఇంట్లో చెప్పకుండా బారిస్టరు చదువుకి ఇంగ్లండు బయల్దేరిన కథ. మద్రాసులో దొరల టోపీ అనుకుని ఆడవాళ్ళ టోపీ కొనుక్కుంటాడు చూడండి, అక్కడికి వచ్చేసరికి పన్నెండేళ్ళ మనవడు పొట్ట పట్టుకుంటాడు. వందేళ్ళ నాటి పుస్తకం కాబట్టి కొన్ని మాటలు, కొన్ని పద్ధతులు పిల్లలకి తెలియవు. మీరు ముందు రోజే ఆ నాలుగు పేజీలూ చూసుకుని, ఎక్కడ ఆగి చెప్పాలో, ఎక్కడ దాటెయ్యాలో అనుకుని కూర్చోండి. పిల్లలకి కొన్నవాళ్ళు చాలామంది వాళ్ళ చేతికిచ్చి వదిలేస్తారు, అలాగైతే పదో పేజీ దాటదు. అది మీ గొంతులో వినాల్సిన పుస్తకం.

మనవరాలికి ముళ్ళపూడి వెంకటరమణ గారి ‘బుడుగు’. రమణ గారు ధవళేశ్వరంలో పుట్టారు, బొమ్మలు వేసిన బాపు గారు నరసాపురంలో పుట్టారు. పెద్దవాళ్ళ మీద బుడుగు వేసే విసుర్లు కొన్ని తొమ్మిదేళ్ళ పిల్లకి అందవు. ఫర్వాలేదు, అందినంతే నవ్వుకుంటుంది. పెద్దయ్యాక మిగతాది దొరుకుతుంది. వాక్యాలు మాటల్లాగే సాగిపోతాయి కాబట్టి ఒకటి రెండు రోజులు విన్నాక తనే పుస్తకం లాక్కుంటుంది. అప్పుడు ఇచ్చెయ్యండి.

ఇంట్లో పాత చందమామల బైండ్లుంటే అవి కూడా దింపండి, కానీ దుమ్ము దులిపి ఒక పూట ఎండలో పెట్టాకే.

ప్రశ్న: టీచర్ గారూ, నేను ఏడో తరగతి. మాది లంక గ్రామం. మా స్కూల్లో బీరువా నిండా కథల పుస్తకాలున్నాయి, కానీ తాళం తియ్యరు. చింపేస్తారని భయమట. మా ఊళ్ళో గ్రంథాలయం లేదు. ఏం చెయ్యాలి?
(ఒక విద్యార్థిని)

జవాబు: అమ్మలూ, నువ్వు అడిగింది న్యాయం. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టంలో ప్రతి బడిలోనూ గ్రంథాలయం ఉండాలని రాశారు. అందులో కథల పుస్తకాలు కూడా ఉండాలని విడిగా చెప్పారు. ఈ మాట మీ సారుతో పోట్లాడటానికి చెప్పట్లేదు. ఆయన భయం కూడా నిజమే. పుస్తకం పోతే లెక్క చెప్పాల్సింది ఆయనే. ఆ భయం తీరే దారి మీ క్లాసు వాళ్ళే చూపించాలి.

నలుగురు కలిసి వెళ్ళండి. ‘సార్, రిజిస్టరు మేం రాస్తాం, పుస్తకాలకి అట్టలు మేం వేస్తాం, శనివారం ఇచ్చి మళ్ళీ శనివారం తీసుకుంటాం’ అని చెప్పండి. పాత క్యాలెండర్ కాగితాలతో అట్టలు వేస్తే గట్టిగా ఉంటాయి. మొదట ఇరవై పుస్తకాలే అడగండి. అవి క్షేమంగా తిరిగొస్తే తర్వాత బీరువా మొత్తం అడగొచ్చు.

ఇంకో మాట కూడా సారుకి చెప్పు. గోదారి వరద రోజుల్లో మీ లంకల్లో గోడలే చెమరుస్తాయి. తాళం వేసిన బీరువాలో గాలాడక పుస్తకాలకి బూజు పడుతుంది, పేజీలు అంటుకుపోతాయి, చెద కూడా పడుతుంది. అలా ముద్దకట్టిన పుస్తకాల కట్టలు నేను చేతులతో విడదీశాను, సగం పేజీలు ఊడొచ్చేశాయి. పిల్లలు చదివి చింపిన పుస్తకాన్ని జిగురుతో అతికించుకోవచ్చు. బూజు తిన్నదానికి మందు లేదు. వారానికోసారి పిల్లల చేతుల్లోకి వెళ్ళొచ్చే పుస్తకమే మన తడి నేలలో ఎక్కువకాలం బతుకుతుంది.

బీరువా తెరిచాక నండూరి రామమోహనరావు గారు తెలుగు చేసిన ‘టామ్ సాయర్’ ఉందేమో చూడు. నది ఒడ్డున పెరిగిన పిల్లల కథ, నీకు దగ్గరగా అనిపిస్తుంది. లేకపోతే ఉన్న పుస్తకాల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి ఈ పత్రిక చిరునామాకి పంపు. ఏవి మూడు, నాలుగు తరగతుల వాళ్ళకి ఇవ్వాలో, ఏవి మీకో, ఏవి సారు క్లాసులో పైకి చదివితే బావుంటాయో గుర్తుపెట్టి నీకు తిరిగి పంపిస్తాను.