చిన్ననాటి ఇంటిని గుర్తుచేసుకునే తీరులో జన్యువుల పాత్ర ఉందా?

కొంతవరకు ఉంది. జ్ఞాపకాన్ని మోసే జన్యువంటూ ఏదీ లేదు, దారి పరోక్షం. పుట్టుకతో వచ్చిన స్వభావం తల్లిదండ్రులు బిడ్డతో మెలిగే తీరును మారుస్తుంది, పెద్దయ్యాక ఆ రోజులను తలచుకునే తీరునూ మారుస్తుంది.

లెక్క తేల్చేది కవలల పోలికే. అమ్మానాన్నల ఆప్యాయతకు కవలలు ఇచ్చిన మార్కుల్లో ఒకే అండం కవలల సహసంబంధం (ఇద్దరి మార్కులు ఎంతగా కలుస్తాయో చెప్పే అంకె) 0.40, రెండు అండాల కవలలది 0.25 అనుకుందాం. ఒకే అండం కవలల జన్యువులు దాదాపు ఒకటే, రెండు అండాల కవలలవి సగటున సగమే కలుస్తాయి; అందుకే తేడాకు రెట్టింపు, అంటే 0.30, జన్యువుల వాటా. 1980ల తొలినాళ్లలో టీనేజీ కవలలపై అమెరికన్ మనస్తత్వవేత్త డేవిడ్ రో చేసిన అధ్యయనాల్లో ఈ ప్రభావం ఆప్యాయత విషయంలో కనిపించింది, పిల్లలపై తల్లిదండ్రుల అదుపు విషయంలో పెద్దగా లేదు. వేర్వేరు ఇళ్లలో పెరిగిన ఒకే అండం కవలలు తమ చిన్ననాటి ఇంటి గురించి చెప్పే వర్ణనలు కూడా కొంత కలవడం అసలు విశేషం.

ఆ 30 శాతం జనాభాలోని తేడాలకు సంబంధించినది. ఒకరి జ్ఞాపకంలో 30 శాతం కల్పితమని కాదు.