ఎన్నారై సందేహాలు: గాలం వేసేవాళ్ల పక్కనుంచి బోటు పోవాలంటే

వేసవి వచ్చిందంటే టెక్సస్ నుంచి లేక్‌ల మీద ప్రశ్నలు మొదలవుతాయి. ఈసారి వచ్చినవాటిలో రెండు పక్కపక్కన పెడుతున్నాను. ఒకరు బోటు నడిపిన మనిషి, ఇంకొకరు గాలం వేసిన మనిషి.

ఫ్రిస్కో నుంచి: “అన్నా, మేం మూడు కుటుంబాలవాళ్లం కలిసి లూయిస్‌విల్ లేక్‌లో పాంటూన్ బోటు (చదునైన డెక్ ఉండే పెద్ద బోటు) అద్దెకు తీసుకున్నాం. ఒడ్డుకు దగ్గర్లో ఒక పెద్దాయన చిన్న బోటులో చేపలు పడుతున్నాడు. పిల్లలకు చూపిద్దామని ఆయనకూ ఒడ్డుకూ మధ్యనుంచి కాస్త స్పీడు తగ్గించి పోనిచ్చాం. చెయ్యి కూడా ఊపాం. ఆయన ఒక్కసారిగా కేకలేశాడు. పిల్లలు బెదిరిపోయారు. మేం ఇండియన్స్ అనా? మేం చేసిన తప్పేంటి?”

ఇర్వింగ్ నుంచి: “అన్నగారూ, మాది కొల్లేరు పక్క ఊరు. చేపల వేటంటే చిన్నప్పటినుంచీ పిచ్చి. గ్రేప్‌వైన్ లేక్‌లో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) వేసుకుని పోతాను. మొన్న శనివారం మధ్యాహ్నం జెట్‌స్కీల మీద కుర్రాళ్లు నా చుట్టూ రౌండ్లు కొట్టారు. కయాక్ తిరగబడబోయింది. గాలం వేసేవాళ్లకే నీళ్లమీద ముందు హక్కు అని ఫ్రెండ్ అంటున్నాడు. ఈసారి గట్టిగా అడగొచ్చా? ఇంకోటి, అమ్మానాన్న వస్తున్నారు. నాన్న ఇక్కడ గాలం వేయొచ్చా?”

ముందు ఫ్రిస్కో తమ్ముడికి. రంగు చూసి విసుక్కునేవాళ్లు ఈ దేశంలో లేరని నేను అనను, నాకూ తగిలారు. కానీ మీ విషయంలో కారణం మీరు రాసిన ఒక్క వాక్యంలోనే ఉంది. ఆయనకూ ఒడ్డుకూ మధ్యనుంచి పోయారు. అక్కడినుంచి ఎవరు పోయినా ఆయన అలాగే అరిచేవాడు.

ఒడ్డు దగ్గర బోటు నిలిపినవాడు మామూలుగా ఒడ్డువైపుకే గాలం విసురుతాడు. బాస్ చేపలు మునిగిన చెట్ల మొదళ్లలో, డాక్‌ల (బోట్లు కట్టేసే చెక్క గట్టుల) కింద నీడలో, రాళ్ల సందుల్లో ఉంటాయి. ఆయన పెద్ద ఇంజను ఎప్పుడో ఆపేసి, ముందు భాగంలో ఉండే చిన్న ఎలక్ట్రిక్ మోటారుతో చప్పుడు లేకుండా అక్కడికి చేరి ఉంటాడు. దారం నీళ్లలో ఉంటుంది, మీకు కనబడదు. మీ ఇంజను ఆ కాస్త నీటిలోంచి పోయేసరికి చేపలు చెదిరిపోతాయి. అంతకన్నా ముఖ్యం, ఆ దారం మీ ప్రొపెల్లర్‌కు చుట్టుకోవచ్చు. చుట్టుకున్న దారం ఇరుసు దగ్గరుండే సీల్‌ను కోసేస్తుంది, నీళ్లు గేర్ ఆయిల్‌లోకి దిగుతాయి. అద్దె బోటైతే ఆ రిపేరు బిల్లు డిపాజిట్‌లోంచి పోతుంది. గాలం పట్టుకున్నాయన వేలు కూడా తెగొచ్చు.

అందుకని పద్ధతి ఇది. గాలం బోటు కనిపిస్తే అది దేనివైపు చూస్తోందో చూడండి. ఒడ్డువైపు విసురుతుంటే నడి లేక్ వైపునుంచి, ఆయన వెనకగా, దూరంగా పొండి. ఒడ్డు వెంబడి మెల్లగా జరుగుతూ పోతుంటే ఆయన పోబోయే వైపు ముందుకెళ్లి ఆగకండి, అది ఆయన తర్వాత గాలం వేయబోయే చోటు. ఇరుకు కోవ్‌లో (ఒడ్డులోకి చొచ్చుకుపోయిన లేక్ పాయలో) వేరే దారి లేకపోతే, దూరంనుంచే ఇంజను ఐడిల్‌కు తెచ్చి, ఎటు పోమంటారని చేత్తో అడగండి. నాకు తెలిసినంతలో ఇలా అడిగితే కసిరిన మనిషి లేడు. దారం లాగేసుకుని దారి ఇస్తారు.

ఇక మీరు స్పీడు తగ్గించిన సంగతి. రోడ్డు మీద అది మర్యాద. నీళ్ల మీద సగం స్పీడే అన్నిటికన్నా చెడ్డది. బోటు ముక్కు పైకి లేచి, వెనక భాగం నీళ్లలోకి దిగబడి, నీటిని దున్నుకుంటూ పోతుంది. పెద్ద అల లేచేది అప్పుడే. పూర్తిగా ఐడిల్‌కు తెస్తే అల దాదాపు ఉండదు. పడవ నీటి పైకి తేలి పరుగెత్తే స్పీడులో కూడా, దూరంగా పోతే, అల చిన్నదే. మధ్యలో వేలాడే స్పీడులో మనుషుల పక్కనుంచి పోకూడదు. బాస్ చేపలు పట్టే బోటు వెనక భాగం నీటికి చాలా దగ్గరగా ఉంటుంది. దాని ముందు డెక్ మీద మనిషి కమ్మీ ఏమీ లేకుండా నిలబడి ఉంటాడు. ఒక అల పక్కనుంచి కొడితే డెబ్బై ఏళ్ల మనిషి నీళ్లలో పడతాడు. ఇక్కడ మీ అలకు మీరే బాధ్యులు. దానివల్ల ఒకరికి దెబ్బ తగిలినా, డాక్‌కు కట్టిన పడవ విరిగినా మిమ్మల్నే అడుగుతారు.

వేసవిలో ఇంకో దృశ్యం చూస్తారు. నడి లేక్‌లో ఒకచోట నీళ్లు ఉడికినట్టు కనిపిస్తాయి, పైన కొంగలో గల్ పక్షులో తిరుగుతుంటాయి, చుట్టూ రెండు మూడు బోట్లు ఇంజన్లు ఆపి నిలబడి ఉంటాయి. సాండ్ బాస్ గుంపు చిన్న షాడ్ చేపల్ని పైకి తరిమి తింటోందన్నమాట. అందరికీ చూడముచ్చటగా ఉంటుంది, మనవాళ్లు ఫోన్లు తీసి నేరుగా దాని మీదికే పోనిస్తారు. ఇంజను తగలగానే గుంపు మొత్తం కిందికి దిగిపోతుంది. ఆ బోట్లవాళ్లు పొద్దుటినుంచీ ఎదురుచూసింది ఆ కాసేపటి కోసమే. దూరంగా ఇంజను ఆపి చూడండి, పిల్లలకు అక్కడినుంచే బాగా కనబడుతుంది.

ఇర్వింగ్ తమ్ముడూ, ఇప్పుడు మీ సంగతి. మీ ఫ్రెండ్ చెప్పింది సరికాదు. నావిగేషన్ రూల్స్‌లో చేపలుపట్టే పడవకు ముందు హక్కు ఉన్నమాట నిజమే, కానీ అది వలలు వేసి అటూఇటూ కదల్లేని పడవలకు. గాలంతో పట్టేవాళ్లకు, గాలం వెనక కట్టి లాగుతూ పోయేవాళ్లకు అది వర్తించదు. ఎదురెదురుగా వస్తే ఇద్దరూ కుడికి తిరగాలి, అడ్డంగా వస్తుంటే మన కుడిచేతివైపు నుంచి వచ్చేవాడికి దారి ఇవ్వాలి, దాటిపోయేవాడే తప్పుకుని పోవాలి. మోటారు పడవలకు ఇంతే. ఎవరి హక్కు ఏదైనా గుద్దుకోకుండా చూసుకునే బాధ్యత ఇద్దరిదీ.

అయితే ఆ కుర్రాళ్లు చేసింది మాత్రం తప్పే. టెక్సస్‌లో జెట్‌స్కీ ఇంకో పడవకు గానీ, మనిషికి గానీ, ఒడ్డుకు గానీ 50 అడుగుల లోపల ఉంటే పడవ అదుపులో ఉండేంత నెమ్మదిగానే పోవాలి. వేరే బోటుకు మరీ దగ్గరగా దాని అల మీంచి ఎగరడం, సూర్యాస్తమయం తర్వాత నడపడం కూడా నిషిద్ధం. వేటాడేవాళ్లనూ చేపలు పట్టేవాళ్లనూ కావాలని అడ్డుకుంటే శిక్షించే చట్టం కూడా ఉంది. నా మటుకు ఆ 50 అడుగులు చాలవని అంటాను. చెయ్యి తిరిగినవాడు విసిరితే గాలం 100 అడుగులు పోతుంది. చట్టం ప్రకారం సరిగ్గా నడిపే జెట్‌స్కీ కూడా ఆయన దారం మీంచే పోవచ్చు. గొడవలన్నీ పుట్టేది ఈ రెండు అంకెల మధ్య ఖాళీలోనే. బోటు నడిపే మనవాళ్లు కనీసం 200 అడుగులు వదిలి పోతే ఎవరితోనూ మాట పడక్కర్లేదు.

జెట్‌స్కీ ఎక్కేవాళ్లు తెలుసుకోవాల్సినది ఇంకోటుంది. దానికి కారులాంటి బ్రేకు ఉండదు. పాత మోడళ్లలో గ్యాస్ (యాక్సిలరేటర్) వదిలేస్తే స్టీరింగ్ కూడా పనిచెయ్యదు, ఎందుకంటే దాన్ని తిప్పేది వెనకనుంచి చిమ్మే నీళ్లే. ఎదురుగా కయాక్ కనిపించగానే కంగారుపడి గ్యాస్ వదిలి హ్యాండిల్ తిప్పితే, అది తిరగకుండా తిన్నగా పోయి గుద్దుతుంది. ‘చివరి నిమిషంలో తిప్పేద్దాంలే’ అని మనుషుల దగ్గరికి పోవడం అందుకే ప్రాణాంతకం. కిల్ స్విచ్ తాడు (మనిషి పడిపోతే ఇంజను ఆపేసేది) చేతికో లైఫ్ జాకెట్‌కో తగిలించుకోకుండా స్టార్ట్ చేయకండి. 26 అడుగుల లోపు మోటారు బోట్లకు కూడా 2021 ఏప్రిల్ 1 నుంచి ఫెడరల్ చట్టం దీన్ని అడుగుతోంది.

గట్టిగా అడగొచ్చా అన్నారు. వద్దు తమ్ముడూ. ఇంజన్ల హోరులో మాట వినబడదు, చేతులు ఊపడం మాత్రమే కనబడుతుంది, ఎండలో బీరు తాగి ఉన్న జనం దాన్ని ఎలా తీసుకుంటారో చెప్పలేం. ఇది టెక్సస్, ఎదుటి బోటులో తుపాకీ ఉండొచ్చు. అవతలివాడి బోటు మీదికి గాలానికి కట్టే సీసపు గుండు విసిరినవాళ్ల గురించి విన్నాను, అలాంటి పని మాత్రం ఎన్నటికీ చెయ్యకండి, కేసు మీమీదికే తిరుగుతుంది. బోటు మీద ఉండే టీఎక్స్‌తో మొదలయ్యే నంబరు ఫోటో తీయండి, పక్కకు తప్పుకోండి, వేట, చేపలు, బోట్ల చట్టాలు చూసే గేమ్ వార్డెన్‌కు ఫిర్యాదు చెయ్యండి. ప్రాణాపాయం అనిపిస్తే 911. గేమ్ వార్డెన్లు పూర్తి అధికారాలున్న పోలీసులే, చెప్పింది సీరియస్‌గా వింటారు.

అల మీదికి వస్తుంటే కయాక్‌ను అడ్డంగా ఉంచొద్దు. ముక్కును అలవైపు, కొంచెం ఏటవాలుగా తిప్పి తెడ్డు నీళ్లలో ఉంచండి. కయాక్ మనిషి నీటికి అంత కిందుగా కూర్చుంటే, మెరిసే నీళ్ల మీద అవతలివాడికి నిజంగానే కనబడడు. ఎర్ర నారింజ రంగు చొక్కా, వెనక పొడుగాటి జెండా, మెడలో ఈల పెట్టుకోండి. చీకటి పడితే తెల్ల లైటు తప్పనిసరి. శని, ఆదివారాల్లో సూర్యుడు లేవకముందే దిగి, పది గంటలకల్లా పైకి వచ్చేయండి. మెమోరియల్ డే, జులై 4, లేబర్ డే వారాంతాల్లో లూయిస్‌విల్ పార్టీ కోవ్ ఛాయలకు పోకండి. అదే శనివారం రే రాబర్ట్స్ లేక్‌లో ఎండుచెట్లు నిలబడి ఉన్న వైపు వెళ్తే జెట్‌స్కీలు ఆ మోడుల భయానికి రావు, చేపలూ అక్కడే ఎక్కువ.

ఇద్దరికీ కలిపి లైఫ్ జాకెట్ సంగతి చెప్పాలి, ఇక్కడ నాకు మొహమాటం లేదు. అమెరికాలో పడవ ప్రమాదాల్లో చనిపోయేవాళ్లలో సుమారు నాలుగింట మూడొంతులు మునిగి చనిపోతారు, వాళ్లలో ప్రతి పదిమందిలో ఎనిమిది మందికి పైగా లైఫ్ జాకెట్ వేసుకోనివాళ్లే. కోస్ట్ గార్డ్ ఏటా ఇచ్చే లెక్కల్లో ఈ నిష్పత్తి పెద్దగా మారదు. 26 అడుగుల లోపు బోటు కదులుతున్నప్పుడు 13 ఏళ్లలోపు పిల్లలు జాకెట్ వేసుకునే ఉండాలని టెక్సస్ చట్టం. పెద్దవాళ్లకు బోటులో ఉంటే చాలంటుంది, మీరు మాత్రం వేసుకోండి. మనలో చాలామందికి ఈత రాదు. అమ్మలకు చీర మీదే సరిపోయే సైజు అడిగి తీసుకోండి, కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడకుండా ఆ రోజుకి చుడీదార్ అయితే ఇంకా మంచిది. చాలా లేక్‌ల ఒడ్డున ఉచితంగా వాడుకుని తిరిగి పెట్టే జాకెట్ల స్టాండ్లు ఉంటాయి. పాంటూన్ ముందు గేటు బయట కూర్చుని కాళ్లు నీళ్లలో వేలాడేసుకోవడం ఫోటోకు బాగుంటుంది, జారితే మనిషి నేరుగా ప్రొపెల్లర్ కిందికే పోతాడు. ఎవరైనా నీళ్లలో ఉంటే ఇంజను పూర్తిగా ఆపండి.

తాగి నడిపితే రోడ్డు మీద ఎంత నేరమో నీళ్లమీదా అంతే, రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతానికి చేరితే కేసు. మొదటిసారికే 180 రోజుల వరకు జైలు, 2,000 డాలర్ల వరకు ఫైను పడొచ్చు. వీసా మీద ఉన్నవాళ్లకు అసలు టెన్షన్ తర్వాత మొదలవుతుంది. తాగి నడిపినట్టు అరెస్టయితే, శిక్ష పడకముందే కాన్సులేట్ వీసా రద్దు చేసిన సందర్భాలు ఉన్నాయి. బోటు కదా ఏం కాదులే అనుకోవద్దు. గ్రూపులో తాగనివాడే నడపాలి, ఆ మాట ఇంట్లోనే అనుకోండి. పాటలు కూడా ఒకసారి ఆలోచించండి. నీళ్ల మీద శబ్దం చాలా దూరం పోతుంది, గాలం వేసేవాళ్లున్న కోవ్ దాటేవరకు స్పీకరు తగ్గిస్తే చాలు.

1993 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు జెట్‌స్కీ, లేదా 15 హార్స్‌పవర్ దాటిన బోటు నడపాలంటే బోటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసై ఉండాలి. ఈమధ్య వచ్చిన పిల్లలు దాదాపు అందరూ ఇందులోకే వస్తారు. ఆన్‌లైన్‌లో అయిపోతుంది. పుట్టిన తేదీ ముందుదైనా చదవండి, నేను పైన చెప్పిన రూల్స్ అన్నీ అందులో బొమ్మలతో ఉంటాయి.

ర్యాంప్ (బోటును నీళ్లలోకి దించే ఏటవాలు దారి) దగ్గర ఒక్క మాట. ఐస్‌బాక్సులు సర్దడం, పట్టీలు విప్పడం, అడుగున బిరడా బిగించడం పార్కింగ్‌లోనే ముగించుకుని ర్యాంప్ మీదికి రండి. తిరిగి వెళ్లేటప్పుడు బోటులో నీళ్లన్నీ వంపేయాలి, ఇది చట్టం. 2009లో టెక్సోమా లేక్‌లో కనబడ్డ జీబ్రా మసెల్స్ అనే హానికరమైన చిన్న ఆల్చిప్పలు ఇలా బోట్లతో కూడా ఒక లేక్ నుంచి ఇంకోదానికి పాకాయి.

నాన్నగారి సంగతి. 17 ఏళ్లు నిండిన దాదాపు ఎవరికైనా లైసెన్సు కావాలి. టెక్సస్‌లో ఆరు నెలలు దాటి ఉంటేనే రెసిడెంటు ధర, కాబట్టి చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకు నాన్ రెసిడెంటుదే, ఒక్క రోజుకైతే వన్‌డే లైసెన్సు తీసుకోవచ్చు. అంతకన్నా సులువు, టెక్సస్ స్టేట్ పార్కుల్లో ఒడ్డునుంచి గాలం వేయడానికి లైసెన్సే అక్కర్లేదు, లోపలికి పోయే టికెట్ చాలు. సైజు, సంఖ్య పరిమితులు మాత్రం వర్తిస్తాయి. రే రాబర్ట్స్‌లో ఐల్ డు బోయ్ వైపు ఉన్న స్టేట్ పార్కుకి తీసుకెళ్లండి. ఈతకొట్టే బీచ్‌కి దూరంగా కూర్చోబెట్టండి, బోట్లు దిగే ర్యాంప్ డాక్ మీద మాత్రం వద్దు. ఎటువైపు నుంచైనా బోటు వస్తుంటే దారం ముందే లాగేయమని చెప్పండి.