ఓడ కన్నా కళాసీలే ఖరీదు

ప్రశ్న: మిత్రులతో కలిసి ద్వీపాలు, డ్రాగన్లు, మంత్రగాళ్లు ఉన్న ఒక యుద్ధవ్యూహపు బోర్డు ఆట తయారుచేసుకున్నాను. ఐదు కలప బిళ్లలు, మూడు బంగారు నాణేలు ఇస్తే ఓడ వస్తుంది. ఆరో వంతుకల్లా సముద్రమంతా ఓడలే, నేల మీద ఎవరూ పోరాడడం లేదు. ధర రెట్టింపు చేస్తే వెనకబడినవాడికి ఓడే దక్కడం లేదు. దారేమిటి?

జవాబు: ముందు ధరను మళ్లీ పాత చోటికి దించండి. మీ ఆటలో ఓడను కొన్నాక దానికి తిండి ఖర్చు లేదు, జీతం ఖర్చు లేదు. చిక్కంతా అక్కడే ఉంది. కలప ఒక్కసారి ఇస్తే సరిపోతుంది, మనుషులకు రోజూ పెట్టాలి.

పాతకాలపు గ్రీకు నగరం ఏథెన్స్ యుద్ధనౌక ట్రైరీమ్‌లో మూడు వరసల్లో తెడ్లు వేసేవాళ్లే 170 మంది. చుక్కాని పట్టేవాడూ సైనికులూ కలిస్తే 200. తలా రోజుకు ఒక డ్రాక్మా, అంటే ఒక వెండి నాణెం అనుకుంటే నెలకు 6000 డ్రాక్మాలు, అంటే ఒక టాలెంటు వెండి. క్రీ.పూ. 415లో సిసిలీ ద్వీపానికి ఓడలు పంపమని ఏథెన్స్‌ను అడగడానికి వచ్చిన అక్కడి సెగెస్టా నగరంవాళ్లు 60 ఓడలకు నెల జీతంగా 60 టాలెంట్లు వెంట తెచ్చుకున్నారు. ఒట్టి చేతులతో వస్తే నౌకాదళం కదలదని వాళ్లకు తెలుసు. మీ మిత్రులకూ తెలియాలి.

కాబట్టి కళాసీలను పల్లెల జనాభా బిళ్లల్లోంచి తీయించండి. యుద్ధనౌకకు నాలుగు, సరుకు ఓడకు ఒకటి. ఓడ ఎక్కినవాడు పొలంలో ఉండడు కనుక ఆ పల్లె పంట కూడా ఆ మేరకు తగ్గాలి. సరుకు ఓడకు ఒక్కటేనా అని ఎవరైనా అడిగితే, 17వ శతాబ్దపు డచ్చివారి ఫ్లూట్ అనే సరుకు ఓడను పన్నెండు, పదిహేను మందే నడిపేవారని చెప్పండి. గాలే పని చేస్తుంటే మనుషులు ఎందుకు? మనుషులు లేని ఓడ రేవులో పడి ఉంటుంది, ఎవరు ముందు ఎక్కితే వాళ్లదే.

ఓడ మునిగితే అందులోని బిళ్లలూ పోతాయి. దీనికి మీ మిత్రులు గొడవ చేస్తారు, చేయనివ్వండి. క్రీ.పూ. 406లో ఆర్గినూసె దీవుల దగ్గర నౌకాయుద్ధంలో ఏథెన్స్ గెలిచింది. కానీ ధ్వంసమైన తమ ఓడలవాళ్లను తుఫానులో కాపాడలేకపోయారని, గెలిచి వచ్చిన సేనాపతుల్లో ఆరుగురికి ఆ నగరమే మరణశిక్ష వేసింది. ఇంతకన్నా మంచి ఆట నియమం నాకు తట్టడం లేదు. గెలిచినవాడు పారిపోయే శత్రువునైనా తరమాలి, నీళ్లలో పడ్డ తనవాళ్లనైనా ఎత్తుకోవాలి. ఒకే వంతులో రెండూ కుదరవు. ఈ ఒక్క నియమం పెట్టి చూడండి, సముద్రం మీద తొందరపాటు ఎలా తగ్గుతుందో మీకే కనిపిస్తుంది.

ప్రశ్న: మా ఆటలో నా వర్గం అస్థిపంజరాలది. అవి తిండి అడగవు, అలిసిపోవు. తెడ్లు వాటి చేతికిస్తే ఖర్చు లేదని నేను, అది అన్యాయమని మిగతావాళ్లు. ఎవరిది న్యాయం? గాలి మంత్రం ఏ ఓడలకు పనిచేయాలి?

జవాబు: ఈసారికి వాళ్లదే. తిండి అక్కరలేనివాడికి ఇంకేదో అక్కర ఉండాలి, లేకపోతే ఆట మొదలవకముందే ముగిసిపోతుంది. ప్రతి అస్థిపంజరాల ఓడలోనూ వాటిని లేపి నిలిపే మంత్రగాడు ఒకడు ఉండాలని పెట్టండి. శత్రువు వాడిని చంపితే తెడ్లన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి, ఓడ అలల పాలవుతుంది. అప్పుడు మీ ప్రత్యర్థులు ఓడను వదిలి మంత్రగాడిని వెతుకుతారు, మీరు వాడిని దాచడానికి నానా తంటాలూ పడతారు. ఎముకలకు తిండి లెక్క కట్టడం కన్నా ఇది సరదా.

గాలి మంత్రం సంగతి కూడా అడిగారు. అది తెరచాపలకే పనికిరావాలి. ఆ గడిలో ఉన్న శత్రువు తెరచాపలకు కూడా.

ప్రశ్న: హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3 అనే కంప్యూటర్ ఆట ఆడుతున్నాను. పడవ ఎక్కగానే ఆ రోజుకు కదలిక అంతా అయిపోతోంది. నావిగేషన్ నైపుణ్యం తీసుకుంటే మేలా?

జవాబు: మ్యాపులో నీళ్లే ఎక్కువైతే తీసుకోండి, మొదటి మెట్టులోనే నీటి మీద వేగం 50 శాతం పెరుగుతుంది. లేదంటే ఆ చోటు వేరే నైపుణ్యానికి వదలండి. ఎక్కినప్పుడు పోయే కదలికకు మాత్రం నావిగేషన్ మందు కాదు. పొద్దున్నే పడవ ఎక్కకండి. రోజంతా నేల మీద తిరిగి పనులు చక్కబెట్టుకుని, కదలిక దాదాపు అయిపోయాక ఎక్కండి, అప్పుడు పోయేది ఏమీ ఉండదు. దిగేటప్పుడూ ఇదే లెక్క. పడవకు 1000 బంగారం, 10 కలప పోస్తున్నారు కనుక, దిగాక దాన్ని శత్రువు దారిలో వదలకండి. ఈ ఆటలో పడవకు కాపలా ఉండదు, అతను ఎక్కి వెళ్లిపోతాడు.