ఫోల్డర్‌కి తాళం వేసే ముందు తాళంచెవి ఎక్కడుందో చూసుకోండి

ఇంట్లో ముగ్గురు వాడే విండోస్ లాప్‌టాప్‌లో మీ సొంత కాగితాలున్న ఫోల్డర్‌కి పాస్‌వర్డ్ పెట్టాలనుకుంటున్నారు, రైట్ క్లిక్ చేస్తే అలాంటి ఆప్షనే కనబడటం లేదు అని అడిగారు. మీరు వెతకడంలో పొరపాటేమీ లేదండి. విండోస్‌లో ఒక్క ఫోల్డర్‌కి విడిగా పాస్‌వర్డ్ పెట్టే ఏర్పాటు లేదు.

దానికి దగ్గరగా కనిపించేది మాత్రం ఒకటుంది. ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ నొక్కితే ‘ఎన్‌క్రిప్ట్ కంటెంట్స్ టు సెక్యూర్ డేటా’ అనే టిక్కు పెట్టె వస్తుంది. ఎన్‌క్రిప్ట్ అంటే కీ లేనివాళ్లు చదవలేకుండా ఫైల్‌ని గజిబిజిగా మార్చేయడం. దీన్ని ఈఎఫ్‌ఎస్ (ఎన్‌క్రిప్టింగ్ ఫైల్ సిస్టమ్) అంటారు, విండోస్ 2000 నుంచి ఉంది. హోమ్ ఎడిషన్‌లో పనిచేయదు, ప్రోలో పనిచేస్తుంది. దాని గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే నా కొంప మునిగింది అక్కడే.

విండోస్ 7 రోజుల్లో మా నాన్నగారి ఉత్తరాలు స్కాన్ చేసి ఒక ఫోల్డర్‌లో పెట్టుకుని ఆ టిక్కు పెట్టాను. ఫైళ్ల పేర్లు పచ్చరంగులోకి మారాయి. పాస్‌వర్డ్ ఏదీ అడగలేదు, నేను లాగిన్ అయితే చాలు మామూలుగానే తెరుచుకునేవి. కింద మూలన ‘కీ బ్యాకప్ తీసుకోండి’ (కీ అంటే ఆ ఫైళ్లని తెరిచే డిజిటల్ తాళంచెవి) అని చిన్న మెసేజ్ వస్తే తర్వాత చూద్దాంలే అని మూసేశాను. కొన్ని నెలలకు సిస్టమ్ బాగా నెమ్మదించింది. ఆ ఫోల్డర్‌ని రెండో హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టి, విండోస్ మళ్లీ వేశాను. యూజర్ పేరు అదే, పాస్‌వర్డ్ కూడా అదే. ఫైల్ మీద డబుల్ క్లిక్ చేస్తే ‘యాక్సెస్ డినైడ్’. పచ్చటి పేర్లు కనిపిస్తున్నాయి, తేదీలు కనిపిస్తున్నాయి, సైజు కనిపిస్తోంది, ఒక్క ఉత్తరం కూడా తెరుచుకోదు. పేరు ఒకటే అయినా విండోస్ లెక్కలో నేను కొత్త మనిషిని. అసలు కీ పాత సీ డ్రైవ్‌లోని నా ప్రొఫైల్‌లో ఉండేది, ఫార్మాట్‌తో పోయింది. స్కాన్ చేసిన కాగితాలు అప్పటికే తడిసి పాడైపోయాయి. ఆ ఉత్తరాలు ఇక లేవు. మీకు ఆ గతి పట్టకూడదనే ఇంత రాస్తున్నాను. ఈఎఫ్‌ఎస్ వాడితే తప్పకుండా ఆ కీ ఉండే సర్టిఫికెట్‌ని ప్రైవేట్ కీతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి (ఫైల్‌గా బయటికి తీసి) వేరే చోట దాచండి. నన్నడిగితే ఇంట్లో వాడకానికి దాని జోలికే వెళ్లొద్దు.

విండోస్‌తోపాటే వచ్చే బిట్‌లాకర్ పెట్టుకోమని చాలామంది చెప్తారు. మంచిదే, కానీ మీ ప్రశ్నకి అది జవాబు కాదు. అది మొత్తం డ్రైవ్‌ని కాపాడుతుంది. లాప్‌టాప్ పోయినా, ఎవరైనా డిస్క్ ఊడదీసి వేరే కంప్యూటర్‌కి తగిలించినా ఏమీ చదవలేరు (ఉత్త లాగిన్ పాస్‌వర్డ్ అయితే అలా తగిలిస్తే అంతా చదివేయొచ్చు). అయితే సిస్టమ్ ఆన్ చేసి విండోస్‌లోకి వచ్చాక తాళం తీసేసినట్టే, ఇంట్లోవాళ్లలో అడ్మిన్ అకౌంట్ ఉన్నవారు మీ ఫోల్డర్ చూడగలరు. ఇంకో మాట, కొత్త లాప్‌టాప్‌లలో ఇలాంటిది ‘డివైస్ ఎన్‌క్రిప్షన్’ పేరుతో మనకి తెలియకుండానే ఆన్ అయి ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో ఒకసారి చూసి, ఆన్ అయి ఉంటే 48 అంకెల రికవరీ కీ ఎక్కడుందో ఇవాళే కనుక్కోండి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యేవాళ్లకి మామూలుగా ఆ అకౌంట్‌లోనే ఉంటుంది. మదర్‌బోర్డు మార్చిన రోజు ఆ అంకెలు అడుగుతుంది, అప్పుడు వెతుక్కోవడం చెప్పలేని టెన్షన్.

మీకు సరిపోయేది వెరాక్రిప్ట్ అనే ప్రోగ్రామ్. ఉచితం, విండోస్, మాక్, లైనక్స్ మూడింట్లోనూ నడుస్తుంది. 2014లో ఆగిపోయిన ట్రూక్రిప్ట్ అనే ఇలాంటి ప్రోగ్రామ్‌కి వారసురాలు. అందులో ఒక కంటైనర్ తయారుచేసుకుంటారు, అంటే 5 జీబీ సైజున్న ఒకే ఒక్క ఫైల్ అనుకోండి. పాస్‌వర్డ్ కొట్టి మౌంట్ చేస్తే కొత్త డ్రైవ్‌లా కనిపిస్తుంది, మీ కాగితాలు అందులో పెట్టుకుంటారు, పని అయ్యాక డిస్‌మౌంట్ చేస్తారు, అంటే మళ్లీ మూసేస్తారు. ఈ ఆఖరి పని మరిచిపోతే తలుపు బార్లా తెరిచిపెట్టినట్టే, అందుకే కొంతసేపు వాడకపోతే దానంతటదే డిస్‌మౌంట్ అయ్యేలా సెట్టింగ్ పెట్టుకోండి. ఇంకోటి, ఎన్‌క్రిప్షన్ చదవనివ్వదు అంతే, డిలీట్ చేయకుండా ఆపలేదు. పిల్లలెవరైనా ‘ఇదేదో పెద్ద ఫైల్’ అని తీసేస్తే మొత్తం పోతుంది. కంటైనర్ కాపీ ఒకటి బయటి డ్రైవ్‌లో ఉండాల్సిందే.

ఒకటి రెండు ఫైళ్లు ఎవరికైనా పంపడానికైతే, ఫైళ్లని కుదించి ఒకే ఫైల్‌గా కట్టే 7-జిప్ అనే ప్రోగ్రామ్ చాలు. దాని సొంత 7జెడ్ ఫార్మాట్‌లో పాస్‌వర్డ్ పెడితే ఏఈఎస్-256 అనే గట్టి పద్ధతితో ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. ‘ఎన్‌క్రిప్ట్ ఫైల్ నేమ్స్’ కూడా టిక్కు పెట్టండి, లేకపోతే లోపలున్న ఫైళ్ల పేర్లు అందరికీ కనిపిస్తాయి. రోజూ వాడే ఫోల్డర్‌కి మాత్రం ఇది కుదరదు. లోపలి ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసినప్పుడు టెంప్ (తాత్కాలిక) ఫోల్డర్‌లోకి తాళం లేని మామూలు కాపీ ఒకటి తీస్తుంది, అది ఒక్కోసారి అక్కడే ఉండిపోతుంది. నా టెంప్ ఫోల్డర్‌లో అలాంటి బ్యాంక్ స్టేట్‌మెంట్ ఒకటి దొరికింది.

‘ఫోల్డర్ లాక్ చేస్తాం’ అనే చిన్న చిన్న యాప్‌లని అంత తేలిగ్గా నమ్మకండి. ఒకటి వేసుకుని, పెన్‌డ్రైవ్ నుంచి లైనక్స్ బూట్ చేసి చూశాను. ‘లాక్’ అయిన ఫైళ్లన్నీ అక్కడే ఉన్నాయి, అన్నీ తెరుచుకున్నాయి. అది దాచిందే తప్ప ఎన్‌క్రిప్ట్ చేయలేదు.

పాస్‌వర్డ్‌గా ఒకదానితో ఒకటి సంబంధం లేని ఐదారు మాటలు పెట్టుకోండి. దాన్ని కాగితం మీద రాసి, లాప్‌టాప్ బ్యాగులో కాకుండా, మీరు నమ్మే మనిషి దగ్గర ఉంచండి. మొదట చిన్న కంటైనర్ చేసి, పనికిరాని రెండు ఫైళ్లు వేసి, దాన్ని వేరే కంప్యూటర్‌లో ఆ కాగితం చూసే తెరవండి. అది తెరుచుకున్నాకే అసలు ఫైళ్లు పెట్టుకునే కంటైనర్ తయారుచేయండి.