హైవే మీద బండి నడిపే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి బండి మీదే వస్తానంటున్నావని మీ అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పింది. వద్దని నన్ను చెప్పమంది. వద్దని నేను అనను. ఎలా రావాలో మాత్రం రాస్తాను. విజయవాడ రోడ్డు మీద ముప్పై ఏళ్లు బస్సు నడిపాను కాబట్టి ఇది శ్రద్ధగా చదువు.

హైదరాబాద్ చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మీదకి బైకుల్ని రానివ్వరు. ఎల్బీనగర్, హయత్‌నగర్ మీదుగానే 65వ నంబరు హైవే ఎక్కుతావు. పండగ రద్దీలో చౌటుప్పల్ దాటేదాకా ఎవర్నీ దాటాలని చూడకు, వరసలో వచ్చెయ్. అసలు సంగతి ఆ తర్వాత మొదలవుతుంది.

ఓవర్‌టేక్ ఎప్పుడూ కుడివైపు నుంచే చెయ్యాలి. ముందు బండి కుడికి తిరుగుతానని సిగ్నల్ ఇచ్చి రోడ్డు మధ్యకి జరిగితే అప్పుడు ఎడమ నుంచి వెళ్లొచ్చు. ఈ రూల్ నీకూ తెలుసు. కష్టం ఎక్కడొస్తుందంటే, లోడు లారీలు కుడి లేన్‌లోనే నెమ్మదిగా పోతుంటాయి. హారన్ కొట్టినా జరగవు. ఎడమ పక్కన రోడ్డంతా ఖాళీగా కనబడుతుంది. నీ వయసు పిల్లలు అక్కడే దూరతారు. డ్రైవర్ కూర్చునేది కుడివైపు. ఎడమ పక్కని మేం క్లీనర్ సైడ్ అంటాం. ఆ తలుపు పక్కకి వచ్చిన బైకు డ్రైవర్‌కి కనబడదు.

ఒకసారి ఎవరో దిగాలంటే అద్దం చూసి, ఇండికేటర్ వేసి, బస్సు ఎడమకి తీశాను. అద్దంలో రోడ్డు ఖాళీగా ఉంది. కానీ అక్కడ ఒక కుర్రాడు ఉన్నాడు. కాలు విరిగింది, దేవుడి దయవల్ల ప్రాణం దక్కింది. వాళ్లమ్మ ఆసుపత్రి వరండాలో కూర్చున్న తీరు నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

అందుకే లారీ జరగకపోతే కాస్త దూరంలో వెనకే ఉండు. డిప్పర్ కొట్టు, అంటే హెడ్‌లైటు ఒక్కసారి మెరిపించు. హారన్ కొట్టు, ఆగు. అతని కుడి అద్దంలో అతని ముఖం నీకు కనబడాలి. కనబడలేదంటే నువ్వు కూడా అతనికి కనబడటం లేదు.

ఇంకో సంగతి. లారీవాడు కుడి ఇండికేటర్ వేస్తే ‘దాటిపో’ అంటున్నాడని చాలామంది అనుకుంటారు. నిజంగానే కొందరు అలా వేస్తారు. కానీ ముందు డివైడర్ దగ్గర యూటర్న్ ఉంటే? అతను తిరగడానికే వేసి ఉండొచ్చు. ఆ లైటుని నమ్మి కదలకు, ముందు రోడ్డు నీ కళ్లతో చూసుకో.

ఒక చిన్న లెక్క చెబుతాను. లారీ 60లో పోతోంది, నువ్వు 80లో ఉన్నావు. తేడా 20 కిలోమీటర్లు, అంటే సెకనుకు అయిదున్నర మీటర్లే. దాని వెనక 20 మీటర్ల నుంచి బయల్దేరి, దాన్ని దాటి ఇంకో 20 మీటర్లు ముందుకి పోవాలంటే తొమ్మిది సెకన్లు దాటుతుంది. ఈలోగా నువ్వు 200 మీటర్ల రోడ్డు తినేస్తావు. అంత దూరం ఖాళీగా కనబడితేనే మొదలుపెట్టు. నాలుగు లేన్ల హైవే మీద బైకుకి కేంద్రం పెట్టిన పరిమితి 80. బోర్డు మీద అంతకన్నా తక్కువ రాసుంటే బోర్డు మాటే వినాలి.

ముందు బండి ఇంకోదాన్ని దాటుతున్నప్పుడు దాని వెంటబడకు. వంతెన మీద, మలుపులో, ఊళ్ల దగ్గర జనం రోడ్డు దాటే చోట అసలే వద్దు. నిన్ను ఎవరైనా దాటుతుంటే స్పీడు పెంచకు. 2019లో చట్టం మార్చాక, జనానికి ప్రమాదం కలిగేలా రూల్ తప్పి ఓవర్‌టేక్ చేస్తే ప్రమాదకరమైన డ్రైవింగ్ కిందే లెక్క, జైలు కూడా పడొచ్చు.

పొడుగు కంటైనర్ పక్కన పోతుంటే గాలి ఆగిపోతుంది. దాని ముందుకి వచ్చీ రాగానే పక్కగాలి ఒక్కసారి కొడుతుంది. హ్యాండిల్ గట్టిగా పట్టుకో, ఒళ్లు మాత్రం బిగించకు. దాటాక వెంటనే ఎడమకి కొట్టకు. అద్దంలో లారీ మొత్తం కనబడ్డాకే ఇండికేటర్ వేసి రా.

తెల్లారుజామున బయల్దేరకు. పండగ రోజుల్లో మంచు పడుతుంది, వెనక లైటు లేని గడ్డి ట్రాక్టర్లు దగ్గరికి వచ్చేదాకా కనబడవు. ఎండ వచ్చాక బయల్దేరు. హెల్మెట్ పట్టీ బిగించుకో. సూర్యాపేటలో ఆగి టీ తాగి, అక్కడి నుంచి మీ అమ్మకి ఒక్క ఫోన్ చెయ్యి. నేను నందిగామ దగ్గర రోడ్డు మీదకి వచ్చి నిలబడతాను.

మీ మామయ్య