తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి

చిన్నా,

రాత్రి రెండింటిదాకా రీల్స్ చూసి పొద్దున క్లాసులో కునికిపాట్లు పడుతున్నానని చెప్పావుగా. ఐఫోన్‌లో యాప్‌ల వాడకానికి హద్దు పెట్టే స్క్రీన్ టైమ్ పెట్టుకున్నా లాభం లేదన్నావు. ఎందుకుంటుంది? పాస్‌కోడ్ పెట్టేదీ నువ్వే, అర్ధరాత్రి దాన్ని కొట్టేదీ నువ్వే.

ఆఫీసు ఫోన్లకు కట్టడి పెట్టే పని నేను పదేళ్లు చేశాను. ఆ పద్ధతే సొంత ఫోన్‌కీ పనికొస్తుంది. మ్యాక్‌లో, అంటే యాపిల్ కంప్యూటర్లో, యాపిల్ కాన్ఫిగరేటర్ అనే ఉచిత యాప్ ఉంది. ఐఫోన్‌ని కేబుల్‌తో మ్యాక్‌కి కలిపి సూపర్‌వైజ్డ్ చేయాలి, అంటే ఆఫీసు ఫోన్‌లా గట్టి కట్టడికి లొంగేలా మార్చాలి. ఆ తర్వాత ఫలానా యాప్‌లు కనబడకుండా చేయొచ్చు, యాప్ స్టోర్ నుంచి కొత్తవి దింపుకోకుండా ఆపొచ్చు. ఈ ఆంక్షలన్నీ ప్రొఫైల్ అనే చిన్న ఫైల్లో ఉంటాయి.

సూపర్‌వైజ్డ్ చేసేటప్పుడు మాత్రం ఫోన్ మొత్తం చెరిగిపోతుంది. ముందే బ్యాకప్ తీసుకుని, పోయిన ఫోన్‌ని వెతికిపెట్టే ఫైండ్ మై ఆపెయ్యి. యూపీఐ యాప్‌లు మళ్లీ సిమ్ నుంచి మెసేజ్ పంపి రిజిస్టర్ చేసుకోవాలి, కాబట్టి హాస్టల్ ఫీజు కట్టే రోజు ఈ పని పెట్టుకోకు.

మొదటిసారి నేను ఆవేశపడి, 'ఈ యాప్‌లు మాత్రమే' అని ఐదింటిని ఎంచుకున్నాను. మర్నాడు సికింద్రాబాద్ స్టేషన్లో చూస్తే టికెట్ యాప్ లేదు! మీ పెద్దమ్మ చూసిన చూపు ఇంకా గుర్తుంది. నువ్వు నిన్ను తినేస్తున్న రెండు మూడు యాప్‌లనే ఆపు. వాటి వెబ్‌సైట్లనూ ప్రొఫైల్లోని వెబ్ ఫిల్టర్లో చేర్చు, లేకపోతే సఫారీ బ్రౌజర్లోంచి దూరతావు. నేను దూరాను కాబట్టే చెబుతున్నా.

ఇక అసలు సంగతి. ప్రొఫైల్ తీసేయడానికి కాన్ఫిగరేటర్ మూడు పద్ధతులు చూపిస్తుంది: ఎప్పుడైనా తీయొచ్చు, పాస్‌వర్డ్‌తో తీయొచ్చు, అసలు తీయకూడదు. రెండోది ఎంచుకో. ఆ పాస్‌వర్డ్ నువ్వు కాక ఇంకొకరు టైప్ చేయాలి. మీ పెద్దమ్మ నాది పాల లెక్క పుస్తకంలో రాసుకుంది, మూడు రోజుల్లో పట్టేశాను. మళ్లీ మార్పించాక ఎక్కడ దాచిందో నాకు ఇప్పటికీ తెలీదు. ఓ రాత్రి ఓటీపీ రావట్లేదని అబద్ధం కూడా ఆడి చూశాను. "పొద్దున చూద్దాంలెండి" అని అటు తిరిగి పడుకుంది.

ఇంకొకటి. ముక్కూమొహం తెలియనివాళ్లు తయారుచేసిన ప్రొఫైల్ ఎక్కించుకోకు. దాంతో నీ ఇంటర్నెట్ రాకపోకలన్నీ వాళ్ల సర్వర్ మీదుగా మళ్లించొచ్చు. మీ చెల్లిది ఆండ్రాయిడ్, దాని పద్ధతి వేరు, తర్వాత చూద్దాం.

ఆదివారం రా, మ్యాక్ నా దగ్గరే ఉంది. కేబుల్ నీదే తెచ్చుకో. పాస్‌వర్డ్ పెట్టడానికి మీ రూమ్మేట్‌ని తీసుకురా. మీ అమ్మ వద్దు, నువ్వు రెండుసార్లు బతిమాలితే ఇచ్చేస్తుంది.

మీ పెదనాన్న